అది కరెక్టేనా? – జర్మన్‌లో ఈ ఒక్క ప్రశ్నతో నాలుగేళ్లు

2021 సెప్టెంబర్‌లో, వీసా చేతికొచ్చిన వారానికి, తెనాలి బజార్లో చొక్కా జేబులో పట్టేంత నోట్‌బుక్ ఒకటి కొన్నాను. మొదటి పేజీలో పదకొండు జర్మన్ వాక్యాలు రాసుకున్నాను. అన్నిటి పనీ ఒకటే: నేను విన్నది, రాసింది, అనుకున్నది కరెక్టేనా అని ఎదుటివాళ్లని అడగడం. రైలు ఇదేనా, టైమ్ ఇంతేనా, ఫారం సరిగ్గా నింపానా, బిల్లు సరిపోయిందా. భాష రాని చోటికి వెళ్తున్నప్పుడు అన్నిటికన్నా ముందు కావాల్సింది ఇదేనని అప్పట్లో నా లెక్క. లెక్క తప్పు కాదు గానీ, ఆ పదకొండులో ఈ రోజుకీ నా నోట్లో మిగిలినవి నాలుగే. మిగతావి కొన్ని చచ్చిపోయాయి, కొన్ని నన్ను ఇరికించాయి. ఆ పేజీలో లేనివి రెండు మూడు మాత్రం రోజూ అన్నం పెడుతున్నాయి.

తూర్పు జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో రెండున్నరేళ్లు మాస్టర్స్ చేశాను, 2024 నుంచి దక్షిణాన స్టుట్‌గార్ట్ పక్కన ఉద్యోగం. కొత్తగా దిగే మనవాళ్లు "ముందు ఏ వాక్యాలు నేర్చుకోవాలి?" అని అడుగుతూనే ఉంటారు. వాడి చూసినవాటి సంగతి ఒకచోట రాసిపెడుతున్నాను.

ఉచ్చారణ గురించి ఒక్క ముక్క. 'సరైనది' అనడానికి జర్మన్ మాటని నేను 'రిష్టిష్' అని రాస్తున్నాను. అందులో ఆ 'ష' మన 'ష' కాదు, 'ష'కీ 'హ'కీ మధ్య పిల్లి బుస కొట్టినట్టు వస్తుంది. మన లిపిలో దానికి అక్షరం లేదు. జర్మనీ దక్షిణాదిన చాలామంది చివర 'క్' అంటారు, 'రిష్టిక్' అని. రెండూ నడుస్తాయి, ఎవరూ మార్కులు కొయ్యరు.

పేజీలో మొదటి వాక్యం 'ష్టిమ్ట్ దస్?'. అంటే 'అది నిజమేనా, కరెక్టేనా?'. ప్రతి వీడియోలోనూ, ప్రతి ఫ్రేజుల పట్టికలోనూ ముందుండేది ఇదే. ఈ క్రియ నాకు చాలా ఇష్టం. వీణనో గిటార్‌నో శ్రుతి చేయడానికి కూడా జర్మన్‌లో ఇదే క్రియ, 'ష్టిమన్'. గొంతుకి 'ష్టిమె' అంటారు. అంటే వాళ్లకి ఒక విషయం కరెక్టు కావడమంటే దాదాపు శ్రుతి కుదరడమే. ఇంత అందమైన మాట నన్ను వచ్చిన నెలలోనే రోడ్డు మీద నిలబెట్టింది.

గది వెతుకుతున్న రోజులు. ఒకావిడ ఫోన్‌లో గది చూడ్డానికి రమ్మన్నారు. ఎప్పుడు రమ్మంటారంటే "ఫీర్టెల్ ద్రై" అన్నారు. 'ఫీర్టెల్' అంటే పావు, 'ద్రై' అంటే మూడు. హైదరాబాద్‌లో చదివిన ఏ1 (మొట్టమొదటి స్థాయి) కోర్సులో 'ఫీర్టెల్ నాఖ్ ద్రై' అంటే మూడుంబావు అని నేర్పారు. మధ్యలో 'నాఖ్' నాకు వినపడలేదేమో అనుకున్నాను. అయినా జాగ్రత్తపరుణ్ణి కదా, నోట్‌బుక్ తీసి అడిగాను: "ఫీర్టెల్ ద్రై, ష్టిమ్ట్ దస్?" ఆవిడ "యా, గెనావ్" అన్నారు. అవును, సరిగ్గా అంతే అని. నేను మూడుంపది నిమిషాలకే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. గది అప్పటికే వేరే అమ్మాయికి ఇచ్చేశారు.

తూర్పు జర్మనీలోనూ, దక్షిణాన కొన్ని చోట్లా 'ఫీర్టెల్ ద్రై' అంటే రెండుంబావు. మూడో గంటలో పావు భాగం గడిచింది అని లెక్క. 'హల్ప్ ద్రై' అంటే రెండున్నర, ఇది దేశమంతా ఒకటే. 'ద్రైఫీర్టెల్ ద్రై' అంటే మూడో గంటలో ముప్పావు అయింది, అంటే పావుతక్కువ మూడు. తర్కం తెలిశాక ముచ్చటేస్తుంది. గది పోయిన రోజు వెయ్యలేదు.

నేను అడగడమైతే అడిగాను. ఆవిడ చెప్పిన మాటనే ఆవిడకి తిరిగి అప్పగించి 'కరెక్టేనా' అంటే, కరెక్టనక ఏమంటారు? చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాను, అర్థం ఏమిటో ఇద్దరం చూడలేదు. ఆ రాత్రి పదకొండు వాక్యాల కింద గీత గీసి పన్నెండోది రాశాను: 'ఆల్జో' పెట్టి మొదలుపెట్టాలి, విన్నదాన్ని నా మాటల్లోకి, అంకెల్లోకి మార్చి చెప్పాలి, చివర 'రిష్టిష్?' అనాలి. "ఆల్జో, ఫీర్ట్సేన్ ఊర్ ఫ్యున్ఫ్‌ట్సేన్, రిష్టిష్?" అంటే 'అయితే, పద్నాలుగు గంటల పదిహేను నిమిషాలకి, అంతేగా?'. రైల్వే టైములా ఇరవై నాలుగు గంటల లెక్కలో చెప్తే ఇక తప్పుకోవడానికి సందు ఉండదు. ఈ నాలుగేళ్లలో నేను ఎక్కువసార్లు వాడిన వాక్యం ఇదే. ఐదుకి ఐదు. వారాలకి కూడా ఇదే మందు. 'ఇన్ అఖ్ట్ టాగెన్' అంటే మాటకి మాట 'ఎనిమిది రోజుల్లో', వాళ్ల ఉద్దేశం మాత్రం సరిగ్గా వారం. 'వచ్చే శుక్రవారం' అంటే ఈ శుక్రవారమా, పై శుక్రవారమా అని వాళ్లలో వాళ్లకే గొడవ. తేదీ చెప్పి 'రిష్టిష్?' అంటే ఆ గొడవలో మనం ఉండం.

'ష్టిమ్ట్ దస్?'తో ఇంకో చిక్కుంది, అది అర్థమవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఎదుటివాళ్లు ఏదో చెప్పగానే మొహం చూస్తూ అలా అడిగితే, 'నువ్వు చెప్పేది నిజమేనా?' అన్నట్టు తగులుతుంది. స్నేహితుల మధ్య పర్వాలేదు. కౌంటర్ వెనక కూర్చున్న మనిషితో అంటే మాత్రం కనుబొమ్మలు లేస్తాయి. అక్కడ కావాల్సింది 'హాబె ఇష్ దస్ రిష్టిష్ ఫెర్‌ష్టాండన్?'. నాకు సరిగ్గానే అర్థమైందా? అనుమానం ఎదుటివాళ్ల మాట మీద కాదు, నా చెవి మీద పెడుతున్నానన్నమాట. చెప్పే విషయం ఒకటే, దెబ్బ తగిలే చోటు వేరు. మనకిది కొత్తేం కాదు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు 'మీరు తప్పు చెప్పారు' అనం, 'నేనే సరిగ్గా విన్లేదేమోనండీ' అంటాం. ఆ మర్యాదని జర్మన్‌లోకి మోసుకెళ్లడం నాకు తట్టలేదంతే. కొత్త భాషలో వాక్యం పూర్తి చేసే హడావుడిలో మర్యాదే ముందు జారిపోతుంది.

అలాంటిదే 'వీ బిటె?'. 'ఏమన్నారండీ?' అని. దాని బదులు 'వస్?' అంటే 'ఏంటీ?' అన్నట్టు. మీరు, నువ్వు తేడా మన రక్తంలోనే ఉంది కాబట్టి వాళ్ల 'జీ', 'దు' మనకి సులువు. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లు దీని దగ్గర తంటాలు పడుతుంటే చూసి లోపల కాస్త గర్వపడ్డాను, ఒప్పుకుంటున్నాను.

ఎదుటివాళ్లదే తప్పని మనకి తెలిసినప్పుడు ఎలా? సూపర్‌మార్కెట్‌లో డిస్కౌంట్ బోర్డు చూసి కాఫీ పొడి తీసుకున్నాను, బిల్లులో పూర్తి ధరే పడింది. "దస్ ష్టిమ్ట్ నిష్ట్" అన్నాను, 'ఇది తప్పు' అని. వ్యాకరణం నిక్షేపంగా ఉంది, వాతావరణమే పాడైంది. వెనక క్యూలో ఉన్న ముసలాయన నా తరఫున ఒక్క వాక్యం అందించారు: "కన్ ఎస్ జైన్, దస్ దేర్ రబాట్ ఫేల్ట్?" డిస్కౌంట్ పడకపోయి ఉండొచ్చా? కౌంటర్ అమ్మాయి వెంటనే "ఓహ్" అని సరిచేసింది. 'కన్ ఎస్ జైన్, దస్...' అప్పటినుంచి నా నోట్‌బుక్‌లో మహారాణి. 'పొరపాటున ఇలా అయ్యుంటుందేమో ఒకసారి చూస్తారా' అని మనం అనేదానికి సరిగ్గా సరిపోతుంది. ఏ కోర్సులోనూ నాకిది మొదట్లో నేర్పలేదు. ఎందుకో అర్థం కాదు.

అదే వాక్యం ఆఫీసులో తిరగబడి నాకే తగిలింది. కొత్తగా చేరిన రోజుల్లో సీనియర్ ఒకాయన నా కోడ్ చూసి "టెస్టులు లేకపోయి ఉండొచ్చా?" అని ఇదే ఫ్రేజుతో అడిగారు. నేను నిజంగానే ప్రశ్న అనుకుని "యా, కన్ జైన్" అన్నాను, 'ఆఁ, ఉండొచ్చు' అని. ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. కాసేపటికి అర్థమైంది, అది ప్రశ్న కాదు, 'టెస్టులు రాయలేదు, రాయి' అని.

నా పాత పేజీలో 'మీరు కరెక్ట్' అనడానికి నేనే తయారు చేసుకున్న వాక్యం ఒకటుంది: 'జీ జింట్ రిష్టిష్'. దీనికి సున్నా. జర్మన్‌లో మాట కరెక్టు అవుతుంది, లెక్క కరెక్టు అవుతుంది, మనిషి కాడు. మనిషి దగ్గర న్యాయం 'ఉంటుంది': 'జీ హాబన్ రెష్ట్'. 'జీ జింట్ హియర్ రిష్టిష్' అంటే 'మీరు సరైన చోటికే వచ్చారు' అని. ఇంకో అడుగు వేసి ఎవరినైనా 'నిష్ట్ గాన్ట్స్ రిష్టిష్' అన్నామంటే 'తలకాయ సరిగ్గా లేదు' అనే అర్థం దాకా పోతుంది. నేను ఆ 'జీ జింట్ రిష్టిష్'ని మా ప్రొఫెసర్ మీద వాడాను. ఆయన తన గదిలో తన కుర్చీలో కూర్చుని ఉన్నారు. 'మీరు సరైన చోటే ఉన్నారు' అని చెప్పి వచ్చానన్నమాట. ఆయన నవ్వి ధన్యవాదాలు చెప్పారు.

ఇదే మాటని మనకి వాడుకుంటే మాత్రం బంగారం. 'బిన్ ఇష్ హియర్ రిష్టిష్?', నేను సరైన చోటే ఉన్నానా? అడ్రస్ రిజిస్ట్రేషన్‌కీ, రెసిడెన్స్ పర్మిట్ కార్డుకీ, ఇన్సూరెన్సుకీ ఆఫీసుల్లో ఒకేలా కనిపించే తలుపులు ముప్పై ఉంటాయి. 'ఫ్యుర్ డీ ఆన్‌మెల్డుంగ్', అంటే 'అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి' అని పనిపేరు చేర్చి అడిగితే చాలు, వేలు చూపించేస్తారు. ప్లాట్‌ఫామ్ మీద కూడా నేను ఇదే వాడతాను. పదకొండులో బతికి బట్టకట్టిన నాలుగింటిలో ఇదొకటి. పైగా ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు భాష రాకపోయినా అర్థమవుతుంది. తల ఊపుతారు, లేదా వేలు ఇంకోవైపు చూపిస్తారు.

ఇక 'కదా' సంగతి. మనం వాక్యం చివర 'కదా' తగిలించి పని కానిచ్చేస్తాం. దీనికి పుస్తకాల్లో ఉండేది 'నిష్ట్ వార్?'. ఈ నాలుగేళ్లలో ఇది నిజమైన మనుషుల నోట బహుశా నాలుగుసార్లు విన్నాను, అందులో మూడు టీవీలో. మామూలుగా అందరూ అనేది 'ఓడర్?'. మాటకి మాట 'లేదా?' అని. మన 'కదా' కూడా 'కాదా' నుంచే వచ్చింది కదా, అందుకని తొందరగా అలవాటైంది. మాగ్డెబర్గ్‌లో 'నె?' అని ముక్కుతో అంటారు. బెర్లిన్‌లో 'వా?'. స్టుట్‌గార్ట్‌కి రాగానే అందరి నోటా 'గెల్?'. నాతో గదిలో ఉన్నవాడిది కరీంనగర్. నేను 'అంతేనా?' అంటే వాడు 'గంతేనా?' అనేవాడు. వాడికి జర్మన్ యాసల గొడవ ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేకపోయింది. ఒక హెచ్చరిక మాత్రం: సాక్సనీ వైపు, అంటే కెమ్నిట్స్, డ్రెస్డెన్, లైప్‌జిగ్ వైపు వెళ్తే 'నూ' అంటారు. వినడానికి 'నో' లాగే ఉంటుంది. దాని అర్థం 'అవును'. కెమ్నిట్స్‌లో చదివిన ఫ్రెండ్ మొదటి వారమంతా బేకరీలో అడిగినవేవీ లేవనుకుని ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడట. కాస్త మసాలా వేసి చెప్తాడు వాడు, అయినా నమ్మబుద్ధేస్తుంది.

కానీ 'కదా' అడగడం కాదు, 'కదా' అని మనల్ని అడిగినప్పుడు జవాబు చెప్పడమే అసలు పరీక్ష. మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తవ్వి పెట్టిన గొయ్యి ఇది. పంటి డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో అమ్మాయి ఫారం చూస్తూ, "మందులేవీ వాడట్లేదు?" అని అడిగింది. తెలుగులో ఏమంటాం? 'అవునండీ', అంటే 'అవును, వాడట్లేదు'. ఆ అలవాటు కొద్దీ నేను "యా" అన్నాను. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని "వెల్షె?" అంది. ఏ మందులు? నేను "కైనె", ఏవీ లేవు అన్నాను. "ఆల్జో నైన్?", అయితే లేదనా? "యా." "యా?" ఇలా కాసేపు నడిచింది. వెనక కూర్చున్నవాళ్లు పత్రికల్లోంచి తలలెత్తారు.

జర్మన్‌లో లెక్క వేరు. 'వాడట్లేదు?' అని లేదు ధోరణిలో అడిగితే, నిజంగా వాడకపోతే 'నైన్' అనాలి. వాడుతుంటే 'యా' అనకూడదు, దానికి వేరే మాటుంది, 'దొఖ్'. 'లేదు లేదు, వాడుతున్నాను' అని మనం మూడు మాటల్లో చెప్పేది అందులో ఒక్క ఊపిరిలో ఐపోతుంది. పార్కులో చిన్నపిల్లలు పోట్లాడుకుంటుంటే వినండి: నైన్, దొఖ్, నైన్, దొఖ్. మన పిల్లలు 'కాదు, అవును, కాదు, అవును' అన్నట్టే. 'దొఖ్' నాకు సహజంగా నోట్లోంచి రావడానికి మూడేళ్లు పట్టింది. 'యా' అనకుండా ఆపుకోవడం ఈ రోజుకీ పూర్తిగా రాలేదు. కాబట్టి ఇప్పుడు లేదు ధోరణిలో ఏదడిగినా ఒక్క మాటతో జవాబు చెప్పను. "నైన్, ఇష్ నేమె కైనె" అని వాక్యం మొత్తం చెప్తాను. 'యా, నైన్, దొఖ్'లలో ఏది తప్పినా, వెనక వాక్యం కాపాడుతుంది. ఆసుపత్రి, బ్యాంకు, వీసా ఆఫీసు, ఈ మూడు చోట్లా ఇది తప్పనిసరి అంటాను.

ఫ్రేజుల పట్టికల మీద నా పెద్ద కోపం కూడా ఇక్కడే. ప్రశ్నలు వంద ఇస్తాయి, వచ్చే జవాబులు ఒక్కటీ ఇవ్వవు. 'ష్టిమ్ట్ దస్?' అని అడగడం అరగంటలో వస్తుంది. దానికి వాళ్లు 'యా' అనో 'నైన్' అనో చెప్తే ఎంత బావుణ్ణు. చెప్పరు. "యైన్" అంటారు, యా, నైన్ రెండూ కలిపి. "దస్ ష్టిమ్ట్ షోన్" అని ఆగుతారు. అది 'నిజమే గానీ' అని, ఆ 'గానీ' ఇంకా రాలేదు, వస్తోంది. నేను మొదట్లో 'షోన్' వినగానే సంతోషపడి ఫోన్ పెట్టేసేవాణ్ని, అసలు కబురు తర్వాత ఈమెయిల్‌లో వచ్చేది. ఆఫీసులో ఎవరైనా "దస్ మ్యుస్టె ష్టిమన్" అన్నారంటే, 'కరెక్టే అయ్యుండాలి', అంటే చూడలేదు. "జొల్టె పసన్" అన్నా దాదాపు అంతే, 'సరిపోవాలి మరి'. "ష్టిమ్ట్, హాబె ఇష్ గెప్ర్యుఫ్ట్" అన్నప్పుడే చెక్ చేశారని. ఈ మూడు మెట్ల తేడా తెలియక ఒక రిలీజు ముందు రోజు రాత్రి నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. 'మ్యుస్టె' అన్న మాటని 'ఐపోయింది' అని పైవాళ్లకి చెప్పేశాను.

'పస్ట్' దగ్గర మాత్రం తెలుగువాళ్లు ఇంట్లో ఉన్నట్టే ఉంటారు. మన 'సరిపోయింది'కి ఇంత దగ్గరి మాట ఇంగ్లిష్‌లో కూడా లేదనిపిస్తుంది. చెప్పులు సరిపోయాయా, టైమ్ సరిపోతుందా, రాసింది సరిపోతుందా, అన్నిటికీ 'పస్ట్ దస్ జో?'. దక్షిణాదిలో దీన్ని ఉప్పులా వాడతారు. ఆఫీసులో డాక్యుమెంట్ పంపి "కాన్స్ట్ దు కుర్ట్స్ ద్ర్యూబర్‌షావెన్?", ఒకసారి పైపైన చూస్తావా అని అడగడం, కింద 'పస్ట్ దస్ జో?' పెట్టడం. నా రోజులో సగం ఇదే. ఇక్కడ ఏది పంపినా రెండో కళ్లజత చూడాలని ఒక పద్ధతి, దానికి 'నాలుగు కళ్ల సూత్రం' అని పేరు కూడా ఉంది. కాబట్టి చెక్ చేయమని అడిగితే మనకి రాదనుకోరు. అడక్కపోతేనే అనుమానంగా చూస్తారు. ఇంటి దగ్గర స్కూల్లో 'అర్థమైందా?' అంటే అర్థం కాకపోయినా 'అయింది సార్' అని అరిచి పెరిగిన నాకు, ఇది అలవాటు చేసుకోవడం వ్యాకరణం కన్నా కష్టమైంది.

'ష్టిమ్ట్ జో' గురించి అందరూ చెప్తారు కాబట్టి క్లుప్తంగా. హోటల్లో డబ్బిస్తూ ఈ మాట అంటే 'సరిపోయింది, చిల్లర ఉంచేసుకోండి' అని. ప్రశ్న కాదు. బిల్లు సరిచూడమనడానికి అనకండి, యాభై నోటు ఇచ్చినప్పుడు అసలనకండి. 'కొంట్రొలీరెన్' అంటే కంట్రోల్ చేయడం కాదు, తనిఖీ చేయడం. ట్రామ్‌లో టికెట్లు చూసేవాళ్లు చేసేది అదే.

పేర్ల విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇంటిపేర్లు పొడుగు. ఫోన్‌లో అక్షరాలు చెప్పమంటారు. మనం అలవాటు కొద్దీ ఇంగ్లిష్‌లో 'ఇ' అంటాం, వాళ్లు 'ఐ' అక్షరం రాసుకుంటారు, ఎందుకంటే జర్మన్‌లో ఆ అక్షరం పేరే 'ఈ'. మనం 'ఎ' అంటే వాళ్లు 'ఇ' రాసుకుంటారు, దాని పేరు వాళ్ల దగ్గర 'ఏ'. 'వి' అక్షరం 'ఫౌ', 'డబ్ల్యూ' అక్షరం 'వే'. నా ఇంటిపేరులో ఈ నాలుగింటిలో మూడున్నాయి. ఒక ఆఫీసు నుంచి రావాల్సిన ఉత్తరం వేరే ఎవరి పేరుతోనో బయల్దేరింది. ఇక్కడ పోస్ట్‌బాక్స్ మీద పేరు కలవకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది, పోయింది. ఆ తర్వాత అక్షరానికో మాట పట్టిక బట్టీ పట్టాను: ఆంటోన్, బెర్టా, త్సేజర్, డోరా. 2022లో డిన్ అనే జర్మన్ ప్రమాణాల సంస్థ దీన్ని ఊళ్ల పేర్లతో మార్చింది, ఆఖెన్, బెర్లిన్, కెమ్నిట్స్ అని. ఫోన్‌లో మాత్రం చాలామంది ఇంకా ఆంటోన్ దగ్గరే ఉన్నారు, నేనూ అక్కడే ఉన్నాను. అక్షరాలన్నీ చెప్పాక, "మీరు రాసుకున్నది ఒకసారి చదువుతారా?" అని అడగడం తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో తిరిగి చెప్పే పని వాళ్లకే అప్పగించాలి.

దేనితో నేర్చుకున్నానంటే, హైదరాబాద్‌లో చేసిన పది వారాల ఏ1 కోర్సు పరీక్ష గట్టెక్కించింది, నోరు తెరిపించలేదు. విభక్తుల పట్టికలు అన్నీ వచ్చు, 'వీ బిటె' రాదు. ఫోన్ యాప్ ఒకటి మూడొందల రోజులు వరసగా వాడాను. అందులో నేనెప్పుడూ ఎవరినీ ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే తప్పో ఒప్పో అదే ఆకుపచ్చగానో ఎర్రగానో చూపిస్తుంది. బయట మనుషులకి ఆ రంగులుండవు. జర్మన్ ప్రసార సంస్థ డాయ్‌చె వెల్లె వాళ్ల వీడియో కోర్సు 'నికోస్ వేగ్' ఉచితం, ఏ1 నుంచి మధ్య స్థాయి బి1 దాకా ఉంది. అందులో మనుషులు దారి తప్పుతారు, సరిగ్గా వినరు, మళ్లీ అడుగుతారు. నా పనికి అదే కావాలి. ఊళ్లో ఫోక్స్‌హోఖ్‌షూలె, అంటే పెద్దవాళ్ల చదువుల కేంద్రంలో తరగతి ఇంకా మేలు చేసింది. టర్కీ, సిరియా, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లం ఒకరి జర్మన్ ఒకరికి అర్థం కాక గంటకి యాభైసార్లు 'రిష్టిష్?' అనుకునేవాళ్లం. అంతకన్నా మంచి డ్రిల్లు ఎవరూ తయారు చేయలేరు.

అంకి అనే ఫ్లాష్‌కార్డుల యాప్ మీద నా అభిప్రాయం మధ్యలో మారింది. మొదటి ఏడాది ఒకవైపు తెలుగు వాక్యం, ఇంకోవైపు జర్మన్ వాక్యం పెట్టుకున్నాను. కార్డులో వచ్చేది, కౌంటర్ దగ్గర రాదు. తర్వాత మార్చి, ముందువైపు సన్నివేశం రాశాను: 'ప్లంబర్ ఫోన్ చేశాడు, మంగళవారమో గురువారమో తెలియలేదు'. వెనకవైపు అడగాల్సిన వాక్యం, దాని కింద రాగల జవాబులు మూడు. కార్డులు నాలుగొందల నుంచి తొంభైకి తగ్గాయి. ఆండ్రాయిడ్‌లో ఇది ఉచితం, ఐఫోన్‌కైతే కొనాలి.

రాసిన జర్మన్ కరెక్టేనా అని అడగడం వేరే కథ. 'జాక్ట్ మాన్ దస్ జో?', ఇలా అంటారా అని అడిగితే మంచివాళ్లు "మాన్ ఫెర్‌ష్టేట్స్" అంటారు. అర్థమవుతుంది అని. మొదట్లో మెచ్చుకోలు అనుకున్నాను. 'తప్పే, కానీ పాపం కష్టపడ్డావు' అని దాని అర్థం. అందుకని ఇప్పుడు ఇంకో ప్రశ్న కలుపుతాను: "మీరైతే ఎలా అంటారు?" అప్పుడు అసలు వాక్యం బయటికొస్తుంది, సాధారణంగా నాదానికన్నా సగం పొట్టిగా.

ఇన్నేళ్లకీ లొంగనివి పదిహేను, యాభై. 'ఫ్యున్ఫ్‌ట్సేన్', 'ఫ్యున్ఫ్‌ట్సిష్'. ఫోన్‌లో ఆ తోకలు రెండూ నాకు ఒకేలా వినపడతాయి. పైగా ఇరవై ఒకటిని వాళ్లు 'ఒకటీ ఇరవై' అంటారు కాబట్టి రెండంకెలు ఎక్కడొచ్చినా నా చేయి ముందు తప్పే రాస్తుంది. 'రెండు'ని ఫోన్‌లో 'త్స్వో' అంటారు, 'ద్రై'తో కలిసిపోకుండా. వాళ్లకీ వినపడవన్నమాట. అందుకని సిగ్గు వదిలేసి అంకె అంకెగా అడుగుతాను. పోయిన నెల హీటర్ పాడైతే మెకానిక్ ఫోన్ చేసి, ఇంటికి వచ్చినందుకే ఇంత అవుతుందని చెప్పాడు. "ఐన్స్ ఫ్యున్ఫ్ ఓడర్ ఫ్యున్ఫ్ నుల్?" అన్నాను. ఒకటి ఐదా, ఐదు సున్నానా? అవతల ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత నవ్వు.

"ఫ్యున్ఫ్ నుల్," అన్నాడు. "లైడర్."

'దురదృష్టం కొద్దీ' అని. పాపం, అతనికీ బాధగానే ఉన్నట్టుంది.